ఆకు అంచున పాత ఎండలు



రేడియోలో బొమ్మలు చూపించడం కుదరదు. అందుకని ముందుగా మీకో చిన్న పని చెబుతాను. మీ పెరట్లోనో, వాకిట్లోనో, మేడ మీద కుండీలోనో ఏదో ఒక చెట్టో మొక్కో ఉంటుంది కదా. ఒక్క ఆకు తెచ్చుకోండి. పొద్దుపోయాక ఆకు తుంచకూడదని ఇంట్లో పెద్దవాళ్లు అంటే తుంచకండి. రాలినది ఏరుకు రండి. మనకు అదే ఇంకా బాగా పనికొస్తుంది.

తెచ్చారా? ఇప్పుడు దాని అంచు వెంట బొటనవేలు నెమ్మదిగా జరపండి. మామిడాకైతే వేలు జారిపోతుంది, ఎక్కడా ఆగదు. జామ, నేరేడు, పనస, రావి, మర్రి, కానుగ, అన్నీ అంతే. నున్నటి అంచు. అదే గులాబీ ఆకో, మందారమాకో అనుకోండి, వేలికి గరగరమంటూ ఏదో తగులుతుంది. చిన్న చిన్న పళ్లు. రంపానికి ఉన్నట్టు.

నున్నటి అంచు, పళ్ల అంచు. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. థర్మామీటరు లేని రోజుల్లో, అసలు మనిషే లేని రోజుల్లో, ఈ భూమ్మీద ఎండ ఎంత కాసిందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు చూసేది ఆ అంచునే.

మీ పిల్లలు అమెరికాలో ఉంటే, అక్టోబరు వచ్చేసరికి ఫోనులో ఫొటోలు వస్తాయి. ఎర్రగా, పసుపుగా మారిన చెట్లు, వాటి ముందు నిలబడి మనవలు. ఈసారి ఆ ఫొటో కాస్త పెద్దది చేసి, మనవల్ని చూశాకే లెండి, కింద రాలిన ఆకుల్ని చూడండి. మేపుల్, బర్చ్, ఎల్మ్, చాలావాటికి పళ్లుంటాయి. కశ్మీరు వెళ్లినవాళ్లకు చినారు ఆకు గుర్తుంటుంది. దానికీ పళ్లే. చలి దేశపు అడవిలో పళ్ల ఆకులు ఎక్కువ. వేడి దేశపు అడవిలో నున్నటి ఆకులు ఎక్కువ.

ఈ సంగతిని లెక్కగట్టి చెప్పినవాళ్లు ఇద్దరు అమెరికన్ వృక్షశాస్త్రవేత్తలు, ఇర్వింగ్ బెయిలీ, ఎడ్మండ్ సినాట్. 1915లో. ప్రపంచంలో వేర్వేరు చోట్ల అడవుల్లో ఏ చెట్టు ఆకు నున్నన, ఏ చెట్టు ఆకు పళ్లది అని వరసపెట్టి చూశారు. ఎండ పెరిగేకొద్దీ నున్నటి ఆకుల వాటా పెరుగుతోంది. ఇదేదో బాగుందే, రాళ్లలో దొరికే ఆకులకీ ఈ లెక్క వేస్తే అప్పటి ఎండ తెలుస్తుందిగా అన్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు జాక్ వుల్ఫ్ అనే ఆయన తూర్పు ఆసియా అడవుల మీద పనిచేసి, 1979లో ఆ వివరాలన్నీ అచ్చువేశాడు. వాటినుంచే ఒక సూత్రం వచ్చింది. సూత్రమనగానే రేడియో కట్టేయకండి. మన చిన్నప్పటి ఎక్కాలు చాలు.

ఒక అడవిలో నూరు రకాల చెట్లున్నాయనుకోండి. అందులో ఎన్ని పదులు నున్నటి ఆకులవో చూడండి. ఒక్కో పదికి మూడు డిగ్రీలు. చివర ఒక డిగ్రీ కలపండి. అంతే. తొంభై రకాలు నున్నటివైతే? తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు, ఒకటి కలిపితే ఇరవై ఎనిమిది. పగలూ రాత్రీ, ఎండాకాలం చలికాలం, ఏడాదంతా కలిపి సగటు వేడి 28 డిగ్రీలు. మన కోస్తా ఊళ్ల సగటు కూడా ఇంచుమించు అదే. ముప్ఫై రకాలే నున్నటివైతే? మూడు మూళ్లు తొమ్మిది, ఒకటి పది. అది చలి దేశం.

మళ్లీ చెబుతాను. పది నున్నటి ఆకులకు మూడు డిగ్రీలు.

ఇప్పటికే ఎవరో ఒకరు అడిగే ఉంటారు. “మరి వేపాకు సంగతేమిటండీ?” అని. నిజమే. వేపాకు రెబ్బకు చక్కని రంపపు పళ్లుంటాయి. వేప కంటే వేడికి ఓర్చే చెట్టు ఇంకేముంది! రేగాకు అంచుకీ సన్నటి పళ్లుంటాయి. అందుకే ఒక్క ఆకును సాక్షిగా తీసుకోరు. ఊళ్లో రచ్చబండ దగ్గర ఒక్కడి మాట విని తీర్పు చెప్పరు కదా, ఇదీ అంతే. అడవి మొత్తాన్ని పిలిచి అడగాలి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మీ వీధి చెట్ల మీద ఈ లెక్క వేయకండి. అవి మనం నాటినవి, మన ఇష్టంకొద్దీ పెరిగినవి. తనంతట తాను మొలిచిన అడవి కావాలి. అందులోనూ గడ్డి, వెదురు, కొబ్బరి, తాడి వంటివి లెక్కలోకి రావు. ఆకులో ఈనెలు వలలాగా అల్లుకున్న చెట్లూ పొదలూ మాత్రమే.

సరే, చలిలో పళ్లెందుకు? తెల్లవారుజామున టమాటా మొక్కను ఎప్పుడైనా చూశారా? ఆకు పళ్ల కొసల్లో నీటి బొట్లు వరసగా నిలబడి ఉంటాయి. మంచు అనుకుంటాం. కొన్నిసార్లు అది మంచు కాదు, వేరు రాత్రంతా పైకి నెట్టిన నీరే. ఆ పంటి కొసదాకా ఈనె వస్తుంది, అక్కడ నీరు బయటికి ఊరుతుంది. చలి దేశాల చెట్టుకు వసంతం చిన్నది. మొగ్గ విప్పిన లేత ఆకు వెంటనే పనిలోకి దిగాలి. ఆ పళ్ల దగ్గర నీటి కదలిక, ఆహారం తయారీ ముందుగా మొదలవుతాయని కొందరు పరిశోధకులు చూపించారు. మన దగ్గర చెట్టుకు ఆ తొందర లేదు. ఇదే పూర్తి కారణమా కాదా అని వాళ్లలో వాళ్లకు ఇంకా వాదన నడుస్తూనే ఉంది. కారణం తేలకపోయినా లెక్క మాత్రం పనిచేస్తోంది. ఇలాంటివి శాస్త్రంలో మామూలే.

అంచు వేడిని చెబుతుంది. మరి వానను? వానను ఆకు సైజు చెబుతుంది. తడి పంచెను దండెం మీద విప్పి ఆరేస్తే గంటలో ఆరిపోతుంది. ఉండచుట్టి పడేస్తే సాయంత్రానికీ ఆరదు. వెడల్పాటి ఆకు విప్పి ఆరేసిన పంచె. నీళ్లు బాగా దొరికేచోటే ఆ విలాసం చెల్లుతుంది. అనంతపురం వైపు పొలం గట్ల మీద తుమ్మచెట్టును చూడండి. ఎంత చిన్న ఆకులు! గోటి మీద పెడితే గోరు మొత్తం నిండదు. నీటి కరువు తెలిసిన చెట్టు అది. ఇంకొకటి, రావి ఆకు కొస. పొడవాటి తోకలా సాగి ఉంటుంది. ఆకు మీద పడిన వాన ఆ తోక వెంట జారిపోతుంది. ఇలాంటి తోకలున్న ఆకులు రాతిలో ఎక్కువగా కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు వానలు బాగా కురిశాయేమోనని అనుమానించవచ్చు.

అంచు వేడికి, సైజు వానకు. ఇది రెండో మాట.

ఇంతకీ ఆకు రాతిలోకి ఎలా వెళ్లింది? చెట్టు కింద రాలిన ఆకు మట్టిలో కలిసిపోతుంది. చెదలు తింటాయి, బూజు పడుతుంది. చెరువులోనో, ఏటి పక్క మడుగులోనో పడిన ఆకుకు మాత్రం ఒక అదృష్టం ఉంది. నీళ్లు తాగి బరువెక్కి అడుక్కు దిగుతుంది. మీద ఒండ్రు పేరుకుంటుంది. గాలి తగలదు, కుళ్లు పట్టదు. ఏటేటా వరద వస్తూ ఉంటుంది, పొర మీద పొర పడుతూ ఉంటుంది. కోట్ల ఏళ్లకు ఆ ఒండ్రు పలకరాయి అవుతుంది. దాన్ని సుత్తితో ఒడుపుగా కొడితే పుస్తకం తెరుచుకున్నట్టు తెరుచుకుంటుంది. రెండు పేజీల మీదా ఒకే ఆకు, ఎదురెదురుగా. ఈనెలతో సహా.

ఇక్కడో చిక్కు కూడా ఉంది. చెరువులో పడేది చెరువు గట్టు మీది చెట్ల ఆకే ఎక్కువ. నీటి ఒడ్డున పెరిగే చెట్లలో పళ్ల ఆకులవి కాస్త ఎక్కువ. అందువల్ల లెక్క వేసినప్పుడు అసలు వేడికంటే కొన్ని డిగ్రీలు తక్కువ చూపించవచ్చు. మంచి పరిశోధకుడు ఇది మనసులో పెట్టుకునే మాట్లాడతాడు.

ఇప్పుడు ఒక చోటికి తీసుకెళతాను. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం. అక్కడ బిగ్‌హార్న్ అనే పెద్ద పల్లపు ప్రాంతం. ఇవాళ వెళితే ఎర్రటి, బూడిదరంగు మట్టి గుట్టలు, ఎండిన పొదలు, చలికాలంలో మంచు. అక్కడ స్కాట్ వింగ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు తవ్వాడు. ఆయన పనిచేసింది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో. ఆయన వెతికింది ఒక్క పొర కోసం. 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి పొర. ఆ కాలంలో గాలిలోకి విపరీతంగా కార్బన్ వచ్చి చేరింది. భూమి అయిదు నుంచి ఎనిమిది డిగ్రీలు వేడెక్కింది. ఆ సంగతి సముద్రపు మట్టివల్ల తెలుసు. నేల మీద చెట్లు ఏమయ్యాయి? అది చెప్పాలంటే ఆ పొరలోని ఆకులే కావాలి. ముందు కాలపు ఆకులు దొరికాయి, తర్వాతి కాలపువి దొరికాయి. నడుమ కాలానివి మాత్రం ఏళ్ల తరబడి చేతికి చిక్కలేదు. చివరికి చిక్కాయి. 2005లో ఆయన బృందం ఆ ఫలితాలు ప్రకటించింది.

ఏం కనబడింది? వేడికి ముందు అక్కడ తేమ అడవి. మన కశ్మీరు చినారు చుట్టాలు, అక్రోటు చుట్టాలు, బర్చ్ చెట్లు. పళ్ల ఆకులు బాగానే ఉన్నాయి. వేడి కాలపు పొర తెరిస్తే అవి మాయం. వాటి బదులు చిన్న చిన్న నున్నటి ఆకులు. అవి ఎవరివి? చిక్కుడు కుటుంబానివి. అంటే మన చింత, తుమ్మ, కానుగలకు జ్ఞాతులు. దక్షిణాన వేడి ప్రాంతాల నుంచి ఉత్తరానికి వలస వచ్చినవి. అంచుల లెక్క వేస్తే సగటు వేడి అయిదు డిగ్రీల దాకా పెరిగింది. ఆకుల సైజు చూస్తే మొదట్లో వానలు బాగా తగ్గాయి.

ఆ ఆకుల మీద ఇంకో వింత. పురుగు కొరికిన గుర్తులు. ఎలెన్ కరానో అనే పరిశోధకురాలు ఆ రాతి ఆకుల మీద ఉన్న తూట్లు, గీతలు, సొరంగాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఎండ మండినప్పటి ఆకుల మీదే కొరికిన గుర్తులు ఎక్కువ, రకాలూ ఎక్కువ. మన రైతులకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చు.   

ఒక లక్షన్నర, రెండు లక్షల ఏళ్లకు ఆ వేడి తగ్గింది. పళ్ల ఆకుల చెట్లు మళ్లీ ఆ లోయకు తిరిగొచ్చాయి.

ఇక మన గోదావరి ఒడ్డుకు వద్దాం. నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రోజుల్లో, కొత్తగూడెం నుంచి వచ్చిన ఒక కుర్రాడు న్యూస్‌పేపర్లో చుట్టి ఒక నల్లరాయి తెచ్చాడు. వాళ్ల నాన్న బాయిలో పని. బొగ్గు గనిని అక్కడ బాయి అనే అంటారు. రాయి మీద ఒక ఆకు. పొడవుగా, కొస సన్నగా, నడుమ ఈనె, రెండు పక్కలా సన్నటి వల. “ఏం ఆకు సార్ ఇది?” అన్నాడు. నేను తడుముకోకుండా “మామిడాకురా” అన్నాను. అచ్చం అలాగే ఉంది మరి. ఆ సాయంత్రం పుస్తకం తిరగేస్తే తెలిసింది. నేను పొరబడింది పాతిక కోట్ల ఏళ్లకు పైగా! మామిడి పుట్టడం కాదు, భూమ్మీద మొదటి పువ్వే ఇంకా పూయని రోజుల ఆకు అది. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆ పాఠం మాత్రం ఆ పిల్లలెవరూ మర్చిపోయి ఉండరు.

దాని పేరు గ్లాసోప్టెరిస్. గ్రీకు మాట. నాలుకలాంటి ఫెర్న్ మొక్క అని. మనం నాలుకాకు అనుకుందాం. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు, అదే తర్వాత సింగరేణి అయింది. ఆ బొగ్గులో పెద్ద వాటా ఈ నాలుకాకు అడవులదే. బొగ్గు పొరల మధ్య ఉండే పలకరాతిలో ఈ ఆకులు కనిపిస్తాయి.

ఇక్కడ మన అంచుల లెక్క చెల్లదు. ఆ లెక్క పూలుపూసే చెట్లకు, ఇవి అంతకన్నా ముందువి. మరి ఆనాటి వాతావరణం ఎలా చెప్పాలి? ఆకులు పడి ఉన్న తీరును బట్టి. నాలుకాకులు చాలాచోట్ల ఒకటీ అరా దొరకవు. ఒకే పొర మీద చాప పరిచినట్టు దొరుకుతాయి. అంటే ఆ చెట్టు ఏడాదిలో ఒక రుతువులో ఆకంతా ఒకేసారి రాల్చేసిందన్నమాట. చలికో, చీకటికో. ఇంకా కిందికి, బొగ్గు కింది పొరల్లోకి వెళితే గుండ్రటి బండరాళ్లు. అవి హిమానీనదాలు ఈడ్చుకొచ్చి వదిలిన రాళ్లు. మే నెలలో వడగాడ్పులకు పేరుపడ్డ ఆ నేల మీద, ఒకప్పుడు కదిలే మంచు! అప్పుడు మన దేశం ఇక్కడ లేదు. దక్షిణ ధ్రువం వైపు, అంటార్కిటికాకు ఆనుకుని ఉంది.

అది ఎలా తెలిసింది? అందులోనూ ఈ ఆకు పాత్ర ఉంది. 1912లో కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణ ధ్రువం చేరి, తిరుగు దారిలో చలికి, ఆకలికి చనిపోయింది. ఆ సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది ఇది. ప్రాణం మీదికొచ్చినా వాళ్లు స్లెడ్జి బండి మీద పదహారు కిలోల రాళ్లు లాగుతూనే ఉన్నారు. బియర్డ్‌మోర్ హిమానీనదం దగ్గర ఎడ్వర్డ్ విల్సన్ ఏరిన రాళ్లవి. నెలల తర్వాత వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు శవాలతో పాటు ఆ రాళ్లూ దొరికాయి. కేంబ్రిడ్జిలో సీవార్డ్ అనే ప్రొఫెసరు వాటిని చీల్చి చూశాడు. అందులో ఉన్నది నాలుకాకు. మన గోదావరి లోయలో దొరికే నాలుకాకే!

ఆ సీవార్డ్ గారి దగ్గర అప్పట్లోనే మన దేశపు కుర్రాడొకడు చదువుకుంటున్నాడు. పేరు బీర్బల్ సాహ్ని. 1920లో గురుశిష్యులిద్దరూ కలిసి మన బొగ్గు కాలపు మొక్కల్ని మళ్లీ పరిశీలించి గ్రంథం వేశారు. ఆ సాహ్ని గారే లక్నోలో శిలాజ వృక్షాల అధ్యయనానికి సంస్థ పెట్టారు. 1949 ఏప్రిల్ 3న నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేశారు. ఆ పునాదిరాయిలో శిలాజాలు పొదిగి ఉంటాయి. వారానికే సాహ్ని గారు కన్నుమూశారు. ఆ సంస్థను ఆయన భార్య సావిత్రి గారు నిలబెట్టారు.

ఇక మూడో మాట. అంచు వేడికి, సైజు వానకు. గాలికి? గాలికి రంధ్రాలు.

ఇందాక తెచ్చుకున్న ఆకు వెనక్కి తిప్పండి. వెనకవైపు గోళ్లకు వేసుకునే రంగు, రంగులేనిది ఉంటుందే, అది పలచగా పూయండి. ఆరాక టేపు అంటించి పీకండి. కాలేజీలో చదివే పిల్లలుంటే దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టమనండి. చిన్న చిన్న నోళ్లు కనబడతాయి. ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలు. చిన్నప్పుడు వాచకంలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నామే, కార్బన్ డయాక్సైడ్, అది లోపలికి వెళ్లేది అక్కడినుంచే. కానీ నోరు తెరిచిన ప్రతిసారీ ఆకులోని తడి బయటికి పోతుంది. అందుకని గాలిలో ఆ వాయువు దండిగా ఉంటే, చెట్టు తక్కువ నోళ్లతో సరిపెట్టుకుంటుంది. వాయువు తక్కువైతే ఎక్కువ నోళ్లు పెట్టుకుంటుంది. రాతి ఆకు పైపొర చెడకుండా ఉంటే, కోట్ల ఏళ్ల తర్వాత కూడా ఈ నోళ్లు లెక్కపెట్టవచ్చు.

జెన్నిఫర్ మెకెల్వెయిన్ అనే పరిశోధకురాలు గ్రీన్‌లాండ్‌లో దొరికిన, 20 కోట్ల ఏళ్ల కిందటి ఆకులకు ఈ పని చేసింది. ఒక పొర దగ్గరికొచ్చేసరికి రంధ్రాలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. గాలిలో బొగ్గుపులుసు పెరిగిందన్నమాట. సరిగ్గా అక్కడే వెడల్పాటి ఆకుల చెట్లు పోయి, సన్నటి చీలికల ఆకులవి వచ్చాయి. వేడికి పెద్ద ఆకు కమిలిపోతుంది, చీలికల ఆకుకు గాలి ఆడుతుంది.

దీనికి రాయే అక్కర్లేదు. 1987లో ఇయన్ వుడ్‌వర్డ్ అనే ఆయన కేంబ్రిడ్జిలో దాచిన ఎండు ఆకుల్ని బయటికి తీశాడు. రెండు వందల ఏళ్లుగా ఎవరెవరో కాగితాల మధ్య అదిమి దాచిన చెట్ల ఆకులు. ఒక్కో కాలపు ఆకు తీసి రంధ్రాలు లెక్కపెట్టాడు. పాత ఆకుల మీద ఎక్కువ, కొత్త ఆకుల మీద తక్కువ. నూటికి నలభై దాకా తగ్గాయి. అనుమానం తీరడానికి, గాలి మార్చి మొక్కలు పెంచి కూడా చూశాడు. అదే జవాబు.

ఆ రెండు వందల ఏళ్లలో గాలిలోకి కొత్తగా చేరిన బొగ్గుపులుసు ఎక్కడిది? అందులో పెద్ద వాటా బొగ్గు కాల్చితే వచ్చింది. పాల్వంచలోనూ రామగుండంలోనూ కరెంటు కోసం పొయ్యిలో వేసే సింగరేణి బొగ్గు, ఒకప్పటి నాలుకాకు. అది పాతిక కోట్ల ఏళ్ల కిందట తన నోళ్లతో పీల్చి దాచుకున్న కార్బన్ పొగగొట్టంలోంచి మళ్లీ గాలిలోకి వస్తోంది. ఈ వసంతంలో చిగురించే ఆకు, ఎన్ని నోళ్లు పెట్టుకోవాలో ఆ గాలిని చూసే లెక్క వేసుకుంటోంది.

మీ చేతిలో ఆకు ఇంకా ఉందా? పుస్తకంలో పెట్టి దాయండి. ఏ ఊళ్లో, ఏ తేదీన దొరికిందో పక్కన రాయడం మర్చిపోకండి.